మూడు వాలెట్లు, ఒకే చెయ్యి: పెద్ద క్రిప్టో ట్రేడర్లకు ర్యాంకులు వేసే పద్ధతి

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట అయిపోగానే ఏ లాట్ ఎవరు కొన్నారో చిట్టాలోకి ఎక్కించడం, రైతుల పేరున తక్‌పట్టీలు (అమ్మకపు చీటీలు) రాయడం, సాయంత్రానికి ఖరీదుదారుల వారీగా బస్తాలు కూడడం నా పని. చేరిన మొదటి సీజన్‌లో నేను తయారు చేసిన ఖరీదుదారుల జాబితా చూసి మా పెద్ద గుమాస్తా పెన్ను తీసుకున్నారు. "ఈ మూడు ఫర్ములు ఒక్కలవే బిడ్డా. లైసెన్సులు మూడు, గోదాం ఒకటి. పేర్లు చూసి రాస్తే ఎట్ల? లారీ యాడికి పోతుందో చూడు" అన్నారు. నా జాబితాలో నాలుగో చోట, తొమ్మిదో చోట, పదమూడో చోట ఉన్న ఆ మూడు పేర్లనూ కలిపి కూడితే, ఆ రోజు మార్కెట్‌లో అందరికంటే ఎక్కువ సరుకు ఎత్తింది ఆ ఫర్ముల సొంతదారే.

ఈ మాట నాకు నిరుడు మళ్లీ గుర్తొచ్చింది. కరీమాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఒక సాయంత్రం ఫోన్ పట్టుకొని వచ్చి, "అక్కా, ఇగో చూడు, ఒకటో నంబర్ల ఉన్నోడు ఈథర్ లాంగ్ పెట్టిండు, నేను గూడ పెట్టిన" అన్నాడు. వాడు చూపించింది వాలెట్ల, అంటే క్రిప్టో ఖాతాల, ర్యాంకుల జాబితా. ఈథర్ ఒక క్రిప్టో కాయిన్. లాంగ్ అంటే ధర పెరుగుతుందని పెట్టే పందెం, షార్ట్ అంటే పడుతుందని పెట్టే పందెం. పది రోజుల్లో వాడికి లక్షా ఎనభై వేలు పోయాయి. ఇంటి మీద స్లాబ్ వేయించడానికి దాచుకున్న డబ్బు అది. తర్వాత నేను కూర్చుని ఆ వాలెట్ లావాదేవీలు ఒక్కొక్కటిగా తిరగేశాను. అందులోంచి మరో రెండు వాలెట్లకు డబ్బు వెళ్తోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. ఆ రెండిట్లో ఒకదానిలో దాదాపు అంతే ఈథర్ షార్ట్ ఉంది. ధర పడ్డప్పుడు ఆ మనిషికి ఒక చేత్తో పోయింది, ఇంకో చేత్తో వచ్చింది. మా తమ్ముడికి ఉన్నది ఒక్క చెయ్యే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం రాత్రి నేను ఒక షీట్ నడుపుతున్నాను. వాలెట్లకు కాకుండా వాటి వెనక ఉన్న మనుషులకు ర్యాంకులు వేసే షీట్ అది. దాన్ని ఎలా కడతారో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క మార్కెట్‌కే పరిమితం కండి

మామూలు ఎక్స్ఛేంజీల్లో ఎవరి పొజిషన్ (తెరిచి ఉన్న పందెం) ఎంతో బయటివాళ్లకు కనపడదు. కనపడేది బ్లాక్‌చెయిన్ మీద నడిచే వాటిలోనే. ఆర్బిట్రమ్ అనే బ్లాక్‌చెయిన్ మీద నడిచే జీఎమ్‌ఎక్స్ అలాంటిదే. నేను అలాంటిదే ఇంకో ఎక్స్ఛేంజీ అయిన హైపర్‌లిక్విడ్‌తో మొదలుపెట్టాను. అక్కడ ఏ వాలెట్ అడ్రస్ ఇచ్చినా దాని పొజిషన్లన్నీ ఎవరైనా చూడొచ్చు. వాళ్ల సర్వర్‌కు 'క్లియరింగ్‌హౌస్‌స్టేట్' అనే అభ్యర్థనతో పాటు అడ్రస్ పంపితే చాలు, లాగిన్ అక్కర్లేదు, కీ అక్కర్లేదు. ఏ కాయిన్, ఎంత సైజు, ఏ ధరకు కొన్నారు, ఏ ధర దగ్గర లిక్విడేట్ అవుతుంది (అంటే నష్టం పెరిగి బలవంతంగా మూతపడుతుంది), ఖాతా మొత్తం విలువ ఎంత, అన్నీ వస్తాయి. నేను గూగుల్ షీట్‌లోనే ఉండే యాప్స్ స్క్రిప్ట్‌తో తెప్పించుకుంటాను. ప్రోగ్రామింగ్ నేర్చుకున్నదాన్ని కాదు. కాకతీయ యూనివర్సిటీలో బీకాం చదివాను, అంతే. నలభై లైన్ల స్క్రిప్ట్ సరిపోయింది.

ఇక్కడ రెండు చోట్ల నేను దెబ్బ తిన్నాను, మీరు జాగ్రత్త పడండి. ఒకటి, ఆ సర్వర్ సైజులను అంకెల్లా కాకుండా అక్షరాల్లా ఇస్తుంది. నంబరుగా మార్చకుండా స్క్రిప్ట్‌లో కూడితే 4000, 200 కలిసి 4200 అవ్వాల్సింది, పక్కపక్కన అతుక్కుని 4000200 అయి కూర్చుంటుంది. రెండోది ఇంకా ప్రమాదం. సైజు గడిలో షార్ట్‌కు మైనస్ గుర్తు ఉంటుంది. పక్కనే ఉండే 'పొజిషన్ వాల్యూ' గడిలో ఆ మైనస్ ఉండదు. డాలర్లలో ఉంది కదా అని నేను మొదట ఆ గడినే కూడాను. షార్టులన్నీ లాంగుల్లో కలిసిపోయాయి. ఎప్పుడైనా సైజునే తీసుకుని, దాన్ని ఆనాటి మార్క్ ధరతో (ఎక్స్ఛేంజీ లెక్కకు వాడే ధరతో) గుణించండి.

అడ్రస్ జీరో ఎక్స్‌తో మొదలై, ఆ తర్వాత 40 అక్షరాలు ఉంటుంది. ఒకే అడ్రస్‌ను కొన్ని సైట్లు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలిపి చూపిస్తాయి, కొన్ని అన్నీ చిన్నవిగా చూపిస్తాయి. షీట్‌లోకి ఎక్కించేముందే అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చండి, లేకపోతే స్క్రిప్ట్ ఒకే వాలెట్‌ను రెండుగా లెక్కపెడుతుంది. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి ఒకటే అనుకోవద్దు. అవి సరిగ్గా కలిసేలా నకిలీ అడ్రస్ తయారు చేసి, దాని నుంచి పైసల్లో డబ్బు పంపి, నిజమైన వాలెట్ల చరిత్రలో తమ పేరు ఎక్కించే మోసగాళ్లు ఉన్నారు. మొత్తం అడ్రస్ పోల్చాలి.

ఏవి ఒక్కరివి? అసలు పని ఇదే

లెక్కలు కూడటం పావుగంట పని. ఏ వాలెట్లు ఒక్క మనిషివో తేల్చడానికే నాకు ఆదివారం రాత్రులు అయిపోతాయి. మార్కెట్‌లో లారీ వెనక పడ్డట్టే ఇక్కడ డబ్బు వెనక పడాలి.

అన్నిటికంటే గట్టి ఆధారం హైపర్‌లిక్విడ్ తానే చెప్పేది. ఒక ఖాతా కింద సబ్ అకౌంట్లు తెరవొచ్చు, వాటి జాబితాను అడిగి తెప్పించుకోవచ్చు. ఇందులో అనుమానానికి చోటే లేదు, కలిపేయండి. అడ్రస్ ఏ రకందో చెప్పే 'యూజర్ రోల్' అనే అభ్యర్థన కూడా ఉంది: మామూలు ఖాతానా, సబ్ అకౌంటా, వాల్టా (పలువురి డబ్బు కలిపి ఒకరు నడిపే ఖాతా), ఏజెంటా అని. ఏజెంట్ అంటే సొంతదారు తరఫున ఆర్డర్లు పెట్టే తాళంచెవి లాంటిది. పొజిషన్లు దాని పేరున ఉండవు. ఏజెంట్ అడ్రస్ పెట్టి అడిగితే ఖాళీ జవాబు వస్తుంది. "ఈయన అన్నీ అమ్మేసుకున్నాడు" అని నేను ఒక వారం రాసుకున్నాను కూడా. అడగాల్సింది అసలు ఖాతాను.

తర్వాతి ఆధారం డబ్బు రాకపోకలు. ఒక వాలెట్ నుంచి ఇంకోదానికి పోయి, అక్కడి నుంచి మళ్లీ మొదటిదానికే వచ్చిందంటే, అలా రెండు మూడుసార్లు జరిగిందంటే, నేను కలుపుతాను. ఒక్కసారి ఒకవైపే వెళ్లిందంటే కలపను. అప్పు తీర్చి ఉండొచ్చు, సరుకు కొని ఉండొచ్చు.

హైపర్‌లిక్విడ్‌కు ఆర్బిట్రమ్ నుంచి వంతెన ఉంది, డాలర్‌కు సమానంగా ఉండే యూఎస్‌డీసీ అనే కాయిన్ దాని మీదుగా వస్తుంది. కాబట్టి ఆర్బిట్రమ్ ఎక్స్‌ప్లోరర్‌లో (అక్కడి లావాదేవీలన్నీ చూపించే సైట్‌లో) ఆ వాలెట్‌కు మొట్టమొదట డబ్బు వేసింది ఎవరో చూడండి. రెండు వాలెట్లకూ ఒకే సొంత వాలెట్ మొదటి డబ్బు వేస్తే అది మంచి ఆధారం. కానీ వేసింది ఏదైనా ఎక్స్ఛేంజీ వాలెట్ అయితే దానికి విలువే లేదు. వేల మంది అక్కడి నుంచే డబ్బు తీసుకుంటారు. ఒకే ఏటీఎంలో డబ్బు తీసినంత మాత్రాన వరంగల్ చౌరస్తాలో ఉన్నవాళ్లంతా ఒకే ఇంటివాళ్లు అవుతారా?

దీన్నే తిరగేస్తే మాత్రం బలమైన ఆధారం దొరుకుతుంది. చాలా ఎక్స్ఛేంజీలు ప్రతి కస్టమర్‌కూ డబ్బు జమ చేయడానికి విడిగా ఒక అడ్రస్ ఇస్తాయి. రెండు వాలెట్లు ఒకే జమ అడ్రస్‌కు డబ్బు పంపాయంటే, అవి ఒకే కస్టమర్ ఖాతాలోకి చేరుతున్నాయని అర్థం. డబ్బు వచ్చే చోటు గుంపు, డబ్బు పోయే చోటు ఇల్లు. మా పెద్ద గుమాస్తా లారీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడమనలేదు, ఎక్కడికి పోతుందో చూడమన్నారు. ఆ మాట ఇక్కడ అక్షరాలా పనికొచ్చింది.

బిట్‌కాయిన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఒకే చెల్లింపులో అనేక అడ్రస్‌ల డబ్బు కలిపి వాడితే అవన్నీ ఒకే సొంతదారువని బయటపడుతుంది. 2008లో వచ్చిన బిట్‌కాయిన్ మూల పత్రంలోనే ఆ హెచ్చరిక ఉంది. ఈథర్ నడిచే బ్లాక్‌చెయిన్ అయిన ఈథీరియం తరహా ఖాతాల్లో అలాంటి కలయిక ఉండదు, అందుకే ఇన్ని తిప్పలు. బదులుగా ఒక మేలుంది. ఒకే కీతో నడిచే మామూలు వాలెట్‌కు ఈథీరియంలోనూ ఆర్బిట్రమ్‌లోనూ హైపర్‌లిక్విడ్‌లోనూ అడ్రస్ అదే. అక్కడున్న ఈథర్ నిల్వ ఇక్కడి షార్ట్‌కు జోడీ ఏమో చూసుకోవచ్చు.

ఇక అందరూ ముందుగా నమ్మేది, నేను అన్నిటికంటే తక్కువ నమ్మేది, ఒకే సమయంలో ఒకే ట్రేడ్లు చేశారన్న ఆధారం. పెద్ద వాలెట్లను చూసి క్షణాల్లో నకలు కొట్టే బాట్లు ఉన్నాయి. మా తమ్ముడు చేతితో చేసిందే అవి యంత్రంతో చేస్తాయి. టైమింగ్ ఒక్కటే చూసి కలిపితే మా తమ్ముడు కూడా ఆ పెద్దాయన వాలెట్ల గుంపులో చేరిపోతాడు.

తప్పుగా కలిపితే కలపకుండా విడిచిన దానికంటే ఎక్కువ నష్టం. ఒక్క తప్పు లంకె వల్ల మూడు వాలెట్ల గుంపు, ఐదు వాలెట్ల గుంపు కలిసి ఎనిమిది వాలెట్ల భూతం తయారవుతుంది, అది వెళ్లి ఒకటో ర్యాంకులో కూర్చుంటుంది. అందుకే నా షీట్‌లో ప్రతి వాలెట్ పక్కన మనిషి నంబరు, ఆధారం ఏమిటి, ఏ తేదీన కలిపాను అనే మూడు గడులు తప్పనిసరి. ఆధారం గడి ఖాళీగా ఉంటే కలపకూడదు. అనుమానంగా ఉన్న జంటలను వేరే షీట్‌లో పెడతాను, అవి ర్యాంకుల్లోకి రావు.

కూడటం

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. ఈథర్ ధర 3,000 డాలర్లు. మొదటి మనిషికి మూడు వాలెట్లు: ఒకదానిలో 4,000 ఈథర్ లాంగ్, రెండోదానిలో 3,500 షార్ట్, మూడోదానిలో 200 లాంగ్. రెండో మనిషికి నాలుగు వాలెట్లు, ఒక్కోదానిలో 900 లాంగ్. మూడో మనిషికి ఒకే వాలెట్, 2,500 లాంగ్.

వాలెట్ల జాబితాలో ఒకటో స్థానం 1.2 కోట్ల డాలర్లతో మొదటి మనిషి లాంగ్ వాలెట్‌ది. రెండో స్థానం 1.05 కోట్లతో ఆయన షార్ట్ వాలెట్‌దే. తర్వాత 75 లక్షలతో మూడో మనిషి. రెండో మనిషి వాలెట్లు 27 లక్షల చొప్పున కింద ఎక్కడో ఉంటాయి. ఇప్పుడు మనుషుల వారీగా గుర్తుతో సహా కూడండి. మొదటి మనిషికి నికరంగా మిగిలేది 700 ఈథర్, అంటే 21 లక్షల డాలర్లు. రెండో మనిషిది 3,600 ఈథర్, 1.08 కోట్లు. మూడో మనిషిది 75 లక్షలు. పైనున్నాయన అట్టడుగుకు పోయాడు, అట్టడుగున కనపడ్డాయన పైకి వచ్చాడు.

అలాగని స్థూల మొత్తాన్ని పారేయకండి. మొదటి మనిషి లాంగు, షార్టు గుర్తు లేకుండా కూడితే 7,700 ఈథర్, 2.31 కోట్ల డాలర్లు. నికరం, స్థూలం పక్కపక్క గడుల్లో పెట్టండి, ర్యాంకు నికరం మీద వేయండి. రెండిటి మధ్య దూరం ఎక్కువున్న మనిషి దగ్గర ఆగి చూడాలి. ఆ దూరం ఎంత చేటు తేగలదో 2025 మార్చి 26న జెల్లీ అనే చిన్న కాయిన్ విషయంలో తెలిసింది. మూడు ఖాతాలు తెరిచి, ఒకదానిలో సుమారు 40 లక్షల డాలర్ల షార్ట్, మిగతా రెండిట్లో దాదాపు అంతే లాంగ్ పెట్టారు. నికరం దాదాపు సున్నా. ధర ఎగబాకి షార్ట్ కూలినప్పుడు, ఆ నష్టపు పొజిషన్ హైపర్‌లిక్విడ్‌లో జనం డబ్బు వేసుకున్న హెచ్‌ఎల్‌పీ వాల్ట్ నెత్తిన పడింది. చివరికి వ్యాలిడేటర్లు (ఆ బ్లాక్‌చెయిన్‌ను నడిపేవాళ్లు) ఓటు వేసి ఆ కాయిన్‌నే తీసేసి, 0.0095 డాలర్ల దగ్గర లెక్క ముగించారు. మూడు ఖాతాలను విడివిడిగా చూసిన వాళ్లకు అందులో ఏమీ కనపడదు.

నికరం తీసేది ఒకే కాయిన్ లోపలే. బిట్‌కాయిన్ లాంగ్‌ను ఈథర్ షార్ట్‌తో కొట్టేయకండి. రెండూ వేర్వేరు సరుకులు, తేజ మిర్చి బాకీని పత్తితో చెల్లు వేసినట్టు అవుతుంది. కాయిన్ వారీగా నికరాలు తీసి, వాటి గుర్తులు తీసేసి కూడితే ఆ మనిషి మొత్తం బరువు తెలుస్తుంది.

వాల్టుల దగ్గర ఒక మాట. వాల్ట్ నడిపే మనిషికి అందులో సొంత వాటా కనీసం 5 శాతం ఉండాలని నియమం. అంటే మిగతా డబ్బు చాలావరకు ఇతరులది కావొచ్చు. వాల్ట్ పొజిషన్ మొత్తం ఆయన ఖాతాలో వేయకూడదు, వాటా మేరకే వేయాలి. హెచ్‌ఎల్‌పీ వాల్ట్‌ను జాబితా నుంచే తీసేయండి, అది ఎవరి పందెమూ కాదు.

ఖాతాల విలువలన్నీ కూడి, స్థూల మొత్తాన్ని దానితో భాగిస్తే నిజమైన లెవరేజ్, అంటే సొంత డబ్బుకు ఎన్ని రెట్ల పందెమో, వస్తుంది. స్క్రీన్ మీద 20 రెట్లు, 40 రెట్లు అని కనపడేది ఆ ఒక్క పొజిషన్‌కు పెట్టుకున్న సెట్టింగ్ మాత్రమే. పక్క వాలెట్‌లో డబ్బు నిండుగా ఉన్న మనిషి ఇక్కడ 40 రెట్లు పెట్టినా ఆయనకు టెన్షన్ ఉండదు. చూసి పెట్టిన మనకు ఉంటుంది.

అన్ని వాలెట్లనూ ఒకే నిమిషంలో తెప్పించండి. పొద్దున సగం, రాత్రి సగం తెస్తే, మధ్యలో ఒక వాలెట్‌లో మూసి ఇంకోదానిలో తెరిచిన పొజిషన్ రెండుసార్లు పడుతుంది. ఒక కాంటా మీద తూచిన బస్తాను హమాలీ ఇంకో కాంటా మీదకు మోస్తే, దాన్నీ రాసుకున్నట్టు.

ర్యాంకు చెప్పనివి

పెద్ద షార్ట్ కనపడితే ధర పడుతుందని ఆ మనిషి నమ్ముతున్నాడని అనుకోవద్దు. ఎథీనా అనే సంస్థ తెచ్చిన యూఎస్‌డీఈ అనే డాలర్ తరహా కాయిన్ నడిచేదే ఈ పద్ధతి మీద: అసలు కాయిన్లు చేతిలో పెట్టుకుని, అంతే షార్ట్ పెట్టి, మధ్యలో వచ్చే ఫండింగ్ (లాంగ్, షార్ట్ వాళ్లు ఒకరికొకరు కట్టుకునే రుసుము) తీసుకుంటారు. ధర ఎటు పోయినా వాళ్లకు దాదాపు ఒకటే. ఎక్స్ఛేంజీ లోపల ఉన్న సగం మనకు ఎప్పటికీ కనపడదు. ఈ కారణంగానే నా షీట్ చూసి ఒక్క ట్రేడ్ కూడా పెట్టకూడదని మా తమ్ముడితో మాట తీసుకున్నాను, మీకూ అదే చెప్తున్నాను.

మనిషి నంబరు పక్కన పేరు రాయకండి. 2025 అక్టోబర్ 10న అమెరికా సుంకాల ప్రకటనతో మార్కెట్ కూలి, ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. అంతకుముందే పెద్ద షార్టులు పెట్టి లాభపడ్డ వాలెట్లు ఫలానా వ్యక్తివని ప్రచారం జరిగింది. ఆ డబ్బు తనది కాదు, తన క్లయింట్లదని ఆయన చెప్పారు. నడిపే చెయ్యి వేరు, సొంతదారు వేరు కావొచ్చు. డబ్బు రాకపోకల్లో ఆ తేడా కనపడదు. నా షీట్‌లో అందరూ నంబర్లే.

నెలకోసారి పాత లంకెలను మళ్లీ చూస్తాను. పోయిన ఆదివారం ఏడో నంబరు మనిషిని రెండుగా విడగొట్టాను. ఇంతకుముందు ఆ మనిషి ఐదు వాలెట్లను ఒకే జమ అడ్రస్ ఆధారంగా కలిపాను. కానీ ఆ అడ్రస్‌కు సంబంధం లేని వందలాది మంది డబ్బు పంపుతున్నారని ఈసారి గమనించాను. అది ఒక్క కస్టమర్‌ది కాదు, ఎక్స్ఛేంజీ అందరికీ ఇచ్చే ఉమ్మడి అడ్రస్. అలాంటి చోట్ల కస్టమర్‌ను గుర్తించడానికి ట్రాన్స్‌ఫర్‌తో పాటు ఒక నంబరు రాయమంటారు. ఇప్పుడు జమ అడ్రస్ ఆధారం దొరికితే, ముందు దానికి మొత్తం ఎంతమంది పంపారో చూస్తున్నాను. పది మంది దాటితే ఆ ఆధారం కొట్టేస్తాను. పాత వారాల ర్యాంకులను మాత్రం దిద్దలేదు. ఆధారం గడిలో తేదీ వేసి, ఎందుకు విడగొట్టానో పక్కన రాశాను.